వేరే గ్రహానికి బూర్గంపాడు మీదుగా

వేరే గ్రహానికి వెళ్ళొచ్చానంటే మా వీధిలో ఎవరూ నమ్మలేదు. నిజానికి అదేమంత దూరం కాదు. హైదరాబాదులో రైలెక్కితే ఖమ్మం. అక్కణ్ణుంచి అద్దె వ్యానులో వైరా, తల్లాడ, కొత్తగూడెం, బూర్గంపాడు. గోదావరి వంతెన దాటితే భద్రాచలం. ఆపైన అడవిలో దుమ్ము తింటూ కొంతసేపు కూర్చుంటే గ్రహం వచ్చేస్తుంది. మీలో చాలామంది భద్రాచలం దాకా వెళ్ళే ఉంటారు, రాముణ్ణి చూసి వెనక్కి తిరిగి ఉంటారు. ఆ పై ముక్క కోసమే ఇది రాస్తున్నాను.

నన్ను తీసుకెళ్ళినవాడు ప్రభాకర్. వైరా అతని సొంతూరు, ఖమ్మంలో పెళ్ళిళ్ళకు వీడియో తీసే షాపు ఉండేది. ఎనభైల్లో టీవీలో ఆదివారం పూట ఒక పాత ఇంగ్లిషు సీరియల్ వచ్చేది. నలుపు తెలుపు బొమ్మ. వెండి కోటు వేసుకున్న కెప్టెన్ వారానికో గ్రహం మీద దిగి చేతిలో ఉన్న వెలుగు కర్ర పైకెత్తేవాడు. అక్కడివాళ్ళు మోకాళ్ళ మీద పడేవాళ్ళు. వాళ్ళకు నాలుగు మంచి మాటలు చెప్పి ఆయన వెళ్ళిపోయేవాడు. మరుసటి వారం ఇంకో గ్రహం, అవే మోకాళ్ళు. ప్రభాకర్ దాన్ని ఒక హోటలు గుమ్మంలో నిలబడి చూస్తూ పెరిగాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు తగ్గిస్తాడు.

పాత అంతరిక్షం సీరియళ్ళను విదేశాల్లో కొత్త నటులతో, రంగుల్లో మళ్ళీ తీస్తున్నారని అతను ఏదో పత్రికలో చదివాడు. అంతే, నిద్ర పోయింది. "వాళ్ళది వాళ్ళే మళ్ళ తీసుకుంటున్నరక్కా. మనం తెలుగుల తీస్తే తప్పేంది?" అంటూ మా ఇంటికొచ్చాడు. నేను రేడియోకి నాటికలు రాసేదాన్ని, మాటలు రాయించుకోవాలని అతని కోరిక. మరి హక్కుల సంగతేమిటని అడిగితే, పెళ్ళి పందిట్లో ఎవరో కరెంటు బిల్లు అడిగినట్టు చూశాడు.

టీవీ ఆఫీసు వాళ్ళు ముందు ఒక్క భాగం తీసి చూపించమన్నారు. నచ్చితే పదమూడు వారాలు. నచ్చకపోతే ప్రభాకర్‌కు మళ్ళీ పెళ్ళిళ్ళే గతి, అదీ షాపు లేకుండా, ఎందుకంటే ఈ ఖర్చు కోసం షాపును, అందులోని కెమెరాతో సహా, అప్పటికే అమ్మేశాడు. ఆ సంగతి అతను నాకు రైల్లో చెప్పాడు, నేను దిగి పారిపోయే వీలు లేనప్పుడు.

ఖమ్మం

ఖమ్మంలో మాకు కెప్టెన్ దొరికాడు. పేరు రవికాంత్. బ్యాంకులో గుమాస్తా, నాటక పోటీల్లో బహుమతులు గెలిచినవాడు, పొడగరి, మంచి గొంతు. సెలవు పెట్టి వచ్చాడు. మేనేజరుకు భద్రాద్రి రాముడి మొక్కు ఉందని చెప్పాడట. అబద్ధం ఆడినందుకు దారంతా మనసు పీకుతూనే ఉంది, పాపం.

వెండి కోటు కుట్టినవాడు బ్యాండుమేళం వాళ్ళకు బట్టలు కుట్టే టైలరు. చెయ్యి ఊరుకోక భుజాల మీద బంగారు దారపు కుచ్చుల జాలర్లు కూడా వేశాడు. ప్రభాకర్ ఆ పాత సీరియల్ క్యాసెట్టు పెట్టి చూపించాడు: "అసలుల జాలర్లు లేవు సూడు." టైలరు దీక్షగా చూసి, "అందుకే నలుపు తెలుపుల ఉండిపోయింది సార్ అది" అన్నాడు. జాలర్లు ఊడదీశాక భుజాల మీద సూది బెజ్జాలు మిగిలాయి.

పక్క వీధిలో ఇడ్లీ తిన్నాం. హైదరాబాదు ధరలో సగం, చట్నీ కారం మాత్రం రెండింతలు. మా తెనాలి వైపు కారం తింటామని గొప్పగా చెప్పుకొనేదాన్ని. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

వైరా

చెరువు మీద అంతరిక్ష నౌక దిగే దృశ్యం తీయాలి. నౌక అంటే రెండు పెద్ద అల్యూమినియం మూకుళ్ళు, అంచుకు అంచు కలిపి అతికించినవి. దానికి దారం కట్టి, వెదురు గడకు వేలాడదీసి, కట్ట మీద నుంచి నెమ్మదిగా దింపాలి. దారం కెమెరాలో తెల్లగా కనబడుతోంది. ఆ సంగతే చెప్పాను.

"కనబడాలె అక్కా" అన్నాడు ప్రభాకర్. "అసలుల కనబడుతది."

అప్పుడు అర్థమైంది ఇతను ఏం తీయబోతున్నాడో. ఒక్క పిసరు కూడా మారకూడదు. వ్యానులో చిన్న టీవీ, క్యాసెట్టు పెట్టె, వాటికి కరెంటివ్వడానికి జనరేటరు మోసుకొచ్చాడు. ప్రతి షాటుకు ముందు అసలు చూడటం, తీసిన తర్వాత మళ్ళీ అసలు చూడటం. పంతులు గారు మంత్రం తప్పుతారేమోనని పక్కనుండి కాచుకొనే ముసలాయన ఉంటాడే, అలాగన్నమాట.

మూడోసారి దింపినప్పుడు దారం తెగి నౌక నీళ్ళలో మునిగింది. చేపలు పట్టే ఒకాయన దిగి తీసుకొచ్చాడు. ఆయన భార్య దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, "మంచి మూకుళ్ళు గద, గిట్ల అతికిస్తే దేంట్ల వండుతరు?" అని బాధపడింది. ఆమె దగ్గరే కొరమీను కొని అక్కడే పులుసు పెట్టించుకున్నాం. ఆ ప్రయాణంలో అన్ని విధాలా సరిగ్గా కుదిరింది అదొక్కటే.

తల్లాడ

వ్యాను చక్రం గాలి పోయిన చోట ఒక రైతు ఇల్లు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. ఇంటావిడ మాకు మంచినీళ్ళిచ్చి, నా ఊరడిగి, ఇంటిపేరడిగి, మా పెదనాన్న వాళ్ళ కోడలి పుట్టిల్లు దాకా వెళ్ళి, చివరికి నేను ఆమెకు వరసకు వదినను అవుతానని తేల్చింది. అది తేలేదాకా మంచినీళ్ళే, తేలిన తర్వాత గోంగూర పచ్చడి, వేడన్నం, గడ్డ పెరుగు. రవికాంత్‌కు మాత్రం జీతమెంతో అడిగి, పెళ్ళి కాలేదని విని, ఇంకో గరిటె నెయ్యి వేసింది.

"ఏం సినిమా తీస్తున్నారు వదినా?" అంది.

చెప్పాను. వేరే గ్రహం మీద మనుషులుంటారా అని అడిగింది. కథలో ఉంటారన్నాను.

"ఉంటే ఈ పాటికి ఎవరో ఒకరు ఇక్కడికొచ్చి పొలం కొనేవాళ్ళు" అని తేల్చేసింది.

భద్రాచలం

బూర్గంపాడులో చాయ్ తాగి వంతెన ఎక్కేసరికి ఎండ మాడ్చేస్తోంది. గోదావరి సగం ఇసుక, సగం నీళ్ళు. సత్రంలో గది దొరకడం ఆలస్యమైంది. అవతలి ఒడ్డున ఇసుకలో తీయాల్సిన షాటు ఉందని ప్రభాకర్ తొందర. "జల్దీ, జల్దీ" అని అతను వెంటపడితే రవికాంత్ వ్యాను వెనకాల నిలబడే కోటు వేసుకున్నాడు. వెండి కోటు, వెండి ప్యాంటు, తలకు నిగనిగలాడే టోపీ, చేతిలో ఆకుపచ్చ కాగితం చుట్టిన చిన్న బ్యాటరీ ట్యూబులైటు.

గుడి మెట్ల దగ్గర జనం చుట్టుముట్టారు. వేషగాడనుకున్నారు. ఒక ముసలాయన చుట్టూ తిరిగి చూసి, "ఏ దేవుడి వేషం బాబూ?" అనడిగాడు. రవికాంత్ బిక్కమొహం వేసి, "కెప్టెన్‌నండీ" అన్నాడు. ముసలాయన కాసేపు ఆలోచించి, తెలియని దేవుడితో తగువెందుకనుకున్నాడేమో, చేతిలో ఒక రూపాయి పెట్టి దణ్ణం పెట్టాడు.

ప్రభాకర్ ఎగిరి గంతేశాడు. "సూసినవా అక్కా? మొక్కిండు! రేపు గట్లనే మొక్కుతరు." రవికాంత్ ఆ రూపాయిని గుడి హుండీలో వేసి వచ్చాడు. దర్శనం కూడా చేసుకున్నాడు. మేనేజరుకు చెప్పింది సగం నిజమైనందుకు మొహం కాస్త తేటపడింది.

గ్రహం

ఆ ఊరి పేరు రాయను. దుమ్ముగూడెం దారిలో అడవిలోకి తిరిగితే వచ్చే కోయ ఊరు అంటే చాలు. ఊరి పెద్ద ముత్తయ్య పటేల్‌తో ప్రభాకర్ అంతకుముందే వచ్చి మాట్లాడుకున్నాడు. ఊరివాళ్ళే గ్రహంవాళ్ళు. ఇప్పపూలు రాలే కాలం. ఇళ్ళ ముందు చాపల మీద పూలు ఎండుతున్నాయి, ఊరంతా అదే తియ్యని వాసన.

ఊరి మొదట్లోనే ఆగాం, ఆగమన్నారు. వచ్చినవాళ్ళు ఎవరో, ఎందుకొచ్చారో పెద్దకు చెప్పి, నీళ్ళు తాగి, అప్పుడు లోపలికి. మా వైపు గుమ్మం దాకా వెళ్ళి "ఏమండోయ్" అని అరుస్తాం. ఇదే మర్యాదగా ఉంది. దొప్పల్లో అంబలి పోసి ఇచ్చారు. రవికాంత్‌కు పోసింది సమ్మక్క అనే పెద్దావిడ, పటేల్‌కు పెద్దమ్మ. "బక్కగున్నడు" అని రెండో దొప్ప కూడా తాగించింది.

ప్రభాకర్ ఆకుపచ్చ రంగు డబ్బా బయటికి తీశాడు.

"ఇదేంది?" అన్నాడు ముత్తయ్య పటేల్.

"మొహాలకు, పటేలా. మీరు వేరే లోకపోళ్ళు గద, గట్ల కనబడాలె."

పటేల్ డబ్బా వాసన చూశాడు. "మేము మా ఊళ్ళనే ఉన్నం గద. వచ్చినోడు ఆయన. రంగు ఆయనకే పెట్టు."

దీంట్లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. ప్రభాకర్‌కూ దొరకలేదు. రంగు డబ్బా వ్యానులోకి పోయింది. అసలులో వాళ్ళ మొహాలకు ఏదో రంగుందని అతని నమ్మకం, దాన్నుంచి మొదటిసారి తప్పింది అక్కడే. మొహం చూస్తే కడుపునొప్పి వచ్చినవాడిలా ఉన్నాడు.

తర్వాత ముఖ్యమైన దృశ్యం. ఊరివాళ్ళను ఒకచోట నిలబెట్టి ప్రభాకర్ వివరించాడు. ఆయన చెట్ల వెనక నుంచి వస్తాడు, కర్ర ఎత్తుతాడు, కర్ర వెలుగుతుంది, మీరందరూ మోకాళ్ళ మీద పడి మొక్కాలి. ఊరికే మొక్కినట్టు చేస్తే చాలు. అందరూ తలలూపారు. టీవీ పెట్టి పాత ముక్క చూపించాడు కూడా. మోకాళ్ళ మీద పడ్డ తెల్లవాళ్ళను చూసి ఆడవాళ్ళు తమలో తాము కోయ మాటల్లో ఏదో అనుకొని నవ్వుకున్నారు.

అద్దె కెమెరా తిరిగింది. రవికాంత్ వచ్చాడు, మంచి నడక. కర్ర ఎత్తాడు. కర్ర వెలిగింది. ఊరంతా చూసింది. ఎవరూ కదల్లేదు. సమ్మక్క నాలుగడుగులు ముందుకు వేసి, నెత్తి మీది కొంగు సర్దుకొని అడిగింది:

"ఏ గట్టయ్యా నీది?"

రవికాంత్ ప్రభాకర్ వైపు చూశాడు. ప్రభాకర్ "కట్" అన్నాడు.

ముత్తయ్య పటేల్ మాకు తీరిగ్గా చెప్పాడు. కోయవాళ్ళలో గట్లుంటాయి, వంశాల్లాంటివి. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, అలా. కొన్ని గట్లవాళ్ళు ఒకరికొకరు అన్నదమ్ములు, కొన్ని గట్లతో ఇచ్చి పుచ్చుకుంటారు. కొత్తవాడు ఎదురైతే ముందు అడిగేది అదే, ఎందుకంటే అది తెలిస్తేనే ఏమని పిలవాలో తెలుస్తుంది. తల్లాడలో నన్ను ఇంటిపేరు నుంచి వదిన దాకా లాక్కెళ్ళిన ఇల్లాలు అంతసేపు కష్టపడి చేసిన పని, వీళ్ళు ఒక్క అంకెతో చేసేస్తారన్నమాట.

"పటేలా, ఆయన వేరే లోకం నుంచి వచ్చిండు. ఆయనకు గట్టు లేదు" అన్నాడు ప్రభాకర్.

"గట్టు లేనోడు ఉంటడా? సచ్చిపోయినోళ్ళకు గూడ ఉంటది."

"కథ గద పటేలా!"

"కథే. కథల వచ్చినోణ్ణి అన్న అనాల్నా, బావ అనాల్నా? అది తెల్వకుండ ఎట్ల నిలబడతరు వీళ్ళు? అన్నయితే ఆడోళ్ళు పక్కకు తప్పుకోవాలె. బావయితే తప్పుకోరు."

"నిలబడొద్దు. మొక్కాలె!"

"ఎవరో తెల్వకుండ మొక్కుడేంది?" అన్నాడు పటేల్, కోపం లేకుండానే.

మళ్ళీ తీశారు. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ వెలిగింది, మళ్ళీ ఎవరూ కదల్లేదు. ఈసారి నలుగురైదుగురు ఒకేసారి అడిగారు. మొండితనం అనుకుంటే మన పొరపాటే. పాపం, వాళ్ళు నిజంగానే ప్రయత్నించారు. ఒకాయన సగం వంగాడు కూడా. వంగినవాడు పక్కవాణ్ణి చూశాడు, పక్కవాడు నవ్వాడు, ఆయన నడుం పట్టుకొని లేచాడు. బ్యాంకు గుమాస్తా ముందు మోకాళ్ళ మీద పడటం వాళ్ళకు చేతకాలేదు, మనకైతే బ్యాంకులో అది రోజూ ఉండే అలవాటే మరి.

ప్రభాకర్ వ్యాను వెనకాలకు వెళ్ళి కూర్చున్నాడు. నేనూ వెళ్ళాను. క్యాసెట్టు పెట్టి అదే ముక్క మళ్ళీ మళ్ళీ చూస్తున్నాడు. కెప్టెన్ దిగటం, కర్ర ఎత్తటం, మోకాళ్ళు.

"ఈ ఒక్క షాటు కోసమే అక్కా నేను గిదంత చేసింది. చిన్నప్పుడు ఈ షాటొస్తే ఒళ్ళు జల్లుమనేది. ఇది లేకుంటే వాళ్ళు పాస్ చెయ్యరు. నేను ఏ మొహం పెట్టుకొని ఖమ్మం పోవాలె?"

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పటిదాకా నాకు అతనంటే వేళాకోళం. ఆ క్షణంలో నిజంగా జాలేసింది. ఏం చెప్పాలో తోచక, "వాళ్ళనే అడుగుదాం, గట్టు వాళ్ళనే తేల్చమందాం" అన్నాను. షూటింగు ఎలాగోలా కదిలితే చాలని నా ఆశ, అంతకు మించి ఏమీ లేదు.

అతను కళ్ళు తుడుచుకొని లేచాడు. "సరే, తేల్చనీ" అన్నాడు. కెమెరా పట్టుకున్న కుర్రాడికి మాత్రం ఆపొద్దని చెప్పాడు. పెళ్ళిళ్ళు తీసినవాడి అలవాటు. అసలు తంతు కన్నా పక్కన జరిగే పంచాయితీలోనే మంచి మొహాలు దొరుకుతాయని అతనికి తెలుసు.

పెద్దవాళ్ళు కింద కూర్చున్నారు. రవికాంత్‌ను మధ్యలో మంచం మీద కూర్చోబెట్టారు, వెండి కోటుతోనే. విచారణ మొదలైంది. ఎక్కణ్ణుంచి వచ్చావు? పైనుంచి. పైనుంచి అంటే ఏ దిక్కు? రవికాంత్ అటూ ఇటూ చూసి తూర్పు చూపించాడు. గోదావరి దాటి వచ్చావా? అవును. మీ తల్లి ఉందా? ఉంది. ఒక్కణ్ణే పంపిందా ఇంత దూరం? దానికి ఆడవాళ్ళందరూ చ్చొచ్చొ అన్నారు. సమ్మక్క అడిగింది:

"మీ దిక్కు ఇప్పపువ్వు బాగ రాలిందా ఈయేడు?"

ఈ ప్రశ్న నేను రాసిన మాటల్లో లేదు. పోటీల్లో బహుమతులు గెలిచిన నటుడు నా వైపు చూశాడు. నేను చేతులెత్తేశాను. కెప్టెన్ గొంతు సవరించుకొని, నాటకాల గొంతు వదిలేసి, అచ్చం ఖమ్మం వాడిలా, "అవ్, రాలింది. పోయినేడంత లేదు" అన్నాడు.

ఊరు తృప్తిగా తలూపింది. ఇక్కడా అంతేనట.

తేల్చింది సమ్మక్కే. ఈ ఊళ్ళో మొదటి అంబలి తన చేత్తో తాగాడు కాబట్టి తన పుట్టింటివాళ్ళ వైపు పిల్లగాడే అంది. పెద్దవాళ్ళు కాసేపు తర్జనభర్జన పడి ఒప్పుకున్నారు. అంటే ముత్తయ్య పటేల్‌కు, అతని చెల్లెళ్ళకు, వాళ్ళ ఈడువాళ్ళందరికీ కెప్టెన్ బావ వరస, బావను ఆటపట్టించే హక్కు అందరికీ ఉంటుంది.

ఆ మాట ఇంకా పటేల్ నోట్లో ఉండగానే ఒక బిందెడు నీళ్ళు వెండి కోటు మీద పడ్డాయి. ఆ వెనకే ఇంకోటి. కోటు మీద అతికించిన మెరుపు కాగితం పొరలుగా ఊడిపోయింది. టోపీ ఒకమ్మాయి లాక్కొని తలకు పెట్టుకుంది. వెలుగు కర్ర ఎటు పోయిందో తెలీదు. కెప్టెన్ మంచం చుట్టూ పరిగెత్తాడు. పెళ్ళి కాని బ్యాంకు గుమాస్తా జన్మలో ఎన్నడూ నవ్వనంతగా నవ్వాడు. పటేల్ కొత్త మనిషి దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యేసి, "రా బావా, బువ్వ తిందువు" అన్నాడు.

నేను ప్రభాకర్ వైపు చూశాను. కెమెరా కుర్రాణ్ణి తప్పించి తనే పట్టుకున్నాడు. వ్యానులో టీవీ దానంతటదే నడుస్తోంది, అటు తిరిగి కూడా చూడలేదు. సాయంత్రం ఎండ పోయేదాకా తీస్తూనే ఉన్నాడు. ఆ రోజు మేమంతా ఎంత సంతోషంగా ఉన్నామో మామూలు మాటల్లో చెప్పేస్తాను: చాలా సంతోషంగా ఉన్నాం. ఉడకబెట్టిన ఇప్పపువ్వు పెట్టారు, బెల్లం అక్కర్లేనంత తీపి. జొన్న గటక, అదే గట్టి సంకటి, చింతపండు చారు. రవికాంత్‌కు మాత్రం మళ్ళీ రెండింతలు.

తిరిగి హైదరాబాదు

టీవీ ఆఫీసులో అధికారి మంచివాడు. మాకు టీ తెప్పించి, మొత్తం చూశాడు. నీళ్ళు పోసిన చోట పడి పడి నవ్వాడు. ఇంకేం, పాసయిపోయామనుకున్నాను.

"చాలా బాగా తీశారు" అన్నాడు. "కానీ ఒక్క లోపం. వీళ్ళు వేరే గ్రహం వాళ్ళు కదా? ఒక్కళ్ళకీ భయం లేదు, వింత లేదు. మా అత్తగారి ఊరికి వెళ్ళినట్టుంది. పాత సీరియల్లో మొక్కుతారు చూడండి, అదీ బలం. ఆ ఒక్క సీనూ మార్చి తీసుకురండి, పైకి పంపిస్తాను."

అంటే పదమూడు వారాలు అక్కడే, ఆ బల్ల మీదే ఉన్నాయి. నేను సరేనండీ అనబోయాను.

"వాళ్ళు మొక్కరు సార్" అన్నాడు ప్రభాకర్.

"ఆ ఊరికి మళ్ళీ ఎందుకయ్యా? ఇక్కడే ఓ ఇరవై మంది జూనియర్ ఆర్టిస్టుల్ని పెట్టి, నాలుగు చెట్ల కింద తీసెయ్. ఒక్క పూట పని."

"ఎవరిని పెట్టినా గంతే సార్. ఆయన వాళ్ళకు బావ. బావకు ఎవరన్న మొక్కుతరా?"

అధికారి నవ్వాడు. ప్రభాకర్ నవ్వలేదు. అధికారి నవ్వు ఆపి క్యాసెట్టును మా వైపు జరిపాడు.

బయటికొచ్చాక నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. నా పదమూడు వారాల రాత కూడా దాంతోనే పోయింది మరి. అయినా మెట్లు దిగుతూ, నిన్ను చూస్తే గర్వంగా ఉందని అతనితో అనేశాను. ప్రభాకర్ క్యాసెట్టును చొక్కా కిందికి దోపుకొని, రోడ్డు మీద బస్సుల వంక చూస్తూ అన్నాడు:

"వచ్చే శుక్రవారం తల్లాడల ఒక పెళ్ళి ఉందక్కా. కెమెరా ఎవరన్న కిరాయికిస్తరేమో అడగాలె."